పప్పు ఉడికే నీళ్ల మీద మా పరిశోధనా పత్రం: నా అనుభవం

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలు మొదటి సంవత్సరం అయిపోయిన వేసవిలో ఏదో ఒక ఊళ్లోనో వాడలోనో 180 గంటలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చెయ్యాలి. ఇంటింటి సర్వే, లాగ్ బుక్, రిపోర్టు, వైవా. మార్కులు వేసేశాక ఆ రిపోర్టులు డిపార్ట్‌మెంటు బీరువాలో చేరతాయి. కొన్నేళ్లకు పాత జవాబు పత్రాలతో పాటు వాటినీ తీసేస్తారు. అది చూసిన ప్రతిసారీ నాకు బాధగా ఉండేది. పక్కవాడి దాంట్లోంచి ఎత్తి రాసినవి ఉంటాయి, నిజమే. కానీ ఎండలో ఊరంతా తిరిగి, అరుగుల మీద కూర్చుని జనంతో మాట్లాడి రాసినవి కూడా ఉంటాయి. ఆ ఊరి గురించి ఇంకెక్కడా దొరకని సంగతులు వాటిలో ఉంటాయి. అలాంటి ఒక లాగ్ బుక్కులోని ఒక పేజీ, విశ్వవిద్యాలయాలకూ సమాజానికీ మధ్య జరిగే పనుల మీద వచ్చే ఒక అంతర్జాతీయ పత్రికలో పరిశోధనా పత్రం అయ్యింది. అది ఎలా జరిగిందో మా వైపు కాలేజీల వాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

నేను ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. కనిగిరి, పొదిలి, దర్శి అనగానే తెలుగువాళ్లకు ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మా దగ్గర జనం 'ఫ్లోరిన్ నీళ్లు' అంటారు. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బు గురించి వైద్యులు మొట్టమొదట రాసింది ఈ ప్రాంతం చూసే. అది 1937. అప్పటికి ఇవన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఆ తర్వాత ఎన్ని పేపర్లు వచ్చాయో లెక్క లేదు. నీళ్లు పట్టుకెళ్లడం, కొలవడం, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిందని రాయడం. ఊరివాళ్ల పాత్ర బిందె పక్కకు జరపడం వరకే.

మా పిల్లలు సర్వేకి వెళ్లిన ఊళ్లో దాదాపు అందరూ తాగడానికి ప్లాంటు నీళ్లే కొంటున్నారు. ఇరవై లీటర్ల క్యాను. సర్వే ఫారంలో 'తాగునీరు ఎక్కడిది' అనే ప్రశ్నకు ఇంటింటా 'ఆర్‌ఓ ప్లాంటు' అనే జవాబు. ఆ కాగితం చూసినవాళ్లెవరైనా ఈ ఊరికి ఇక ఇబ్బంది లేదనుకుంటారు. ఒక అమ్మాయి మాత్రం లాగ్ బుక్కులో, ఫారంలో ఖాళీ లేక పక్కన మార్జిన్‌లో, మహిళా సంఘంలో ఉన్న ఒక పెద్దావిడ అన్న మాట రాసుకొచ్చింది: "తాగేది ప్లాంటు నీళ్లే అమ్మాయ్. వంటకి మాత్రం ఆ చివర బోరు నీళ్లు తెచ్చుకుంటాం. ఈ బోరు నీళ్లలో కందిపప్పు ఎంతసేపయినా పలుకుగానే ఉండిద్ది. ఆ నీళ్లు పోస్తే సోడా ఏసినట్టు మెత్తగా ఉడికిద్ది."

లాగ్ బుక్కులు దిద్దుతూ ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఆ మాటలో ఉన్నది వెంటనే తెలుస్తుంది. పప్పు ఉడకనివ్వనిది నీటిలోని కాల్షియం, మెగ్నీషియం. అంటే కఠిన జలం. ఇట్టే ఉడికించే నీళ్లలో కాల్షియం తక్కువ, సోడియం బైకార్బొనేట్ ఎక్కువ. వంటసోడా అంటే అదే కదా. గ్రానైట్ నేలల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే భూగర్భజలం కూడా చాలావరకు సరిగ్గా అలాగే ఉంటుంది. కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి నీళ్లలో కరగని రూపంలోకి పోతుంది, కాల్షియం తక్కువైతే నీళ్లలోనే నిలబడుతుంది. ఆ లెక్కన పప్పు బాగా ఉడుకుతుందని ఆడవాళ్లు ఏరి తెచ్చుకుంటున్న నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉండే అవకాశం ఉంది. పైగా మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై, మిగిలిందంతా పప్పులోనే ఉంటుంది. తాగే నీళ్ల గురించి మాత్రమే అడిగే సర్వేకి ఇది ఎప్పటికీ దొరకదు.

మామూలుగా అయితే నాలుగు సీసాల్లో నీళ్లు తెచ్చి కొలిచి రాసేసే పనే. యూనివర్సిటీలో సోషల్ వర్క్ చెప్పే నా స్నేహితురాలు అలా వద్దంది. ఈ ప్రశ్న మనది కాదు, వాళ్లది, పనిలో మొదటి నుంచీ వాళ్లు ఉండాలి అని పట్టుబట్టింది. అక్కడి నుంచి అంతా నెమ్మదించింది, కానీ ఆ పత్రానికి ఏ విలువ వచ్చినా ఆ నెమ్మది వల్లే వచ్చింది.

ముందుగా ఎథిక్స్ అనుమతి, అంటే జనంతో చేసే పరిశోధన వాళ్లకు అన్యాయం చెయ్యదని కమిటీ చూసి ఇచ్చే అనుమతి. మా కాలేజీకి ఎథిక్స్ కమిటీ లేదు. స్నేహితురాలి ద్వారా యూనివర్సిటీ కమిటీకి పెట్టుకున్నాం. తోటి అధ్యాపకులు ఇక్కడ ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: పని అయిపోయాక అనుమతి ఇవ్వరు. కాబట్టి పిల్లలు వేసవిలో తెచ్చిన సర్వే సమాచారాన్ని పేపర్లో లెక్కల కింద వాడుకోలేదు, ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి మాత్రమే ప్రస్తావించాం. అనుమతి వచ్చాక మళ్లీ మొదటి నుంచి చేశాం. ఒప్పంద పత్రం తెలుగులో రాసి ముందు సంఘం వాళ్లకు చదివి వినిపించాం. 'మీ ఇంటి పేరు ఎక్కడా రాయం' అన్న వాక్యాన్ని పైకి తెమ్మన్నది వాళ్లే. చదవడం రాని వాళ్ల దగ్గర వేలిముద్రతో పాటు, మాతో సంబంధం లేని సాక్షి సంతకం తీసుకున్నాం.

అంగన్‌వాడీ ముందు నేల మీద ఊరివాళ్లు ముగ్గుపిండితో ఊరి పటం వేశారు. బోర్లు, చేతి పంపులు, పాత బావులు అన్నీ గుర్తుపెట్టి, పప్పు ఉడికే తీరును బట్టి వాటికి వరస ఇచ్చారు. వాదులాట కూడా జరిగింది. తూర్పు వీధి వాళ్లు ఒకటంటే ఎస్సీ కాలనీ వాళ్లు ఇంకొకటన్నారు. చివరికి ఎవరు రోజూ ఏ నీళ్లు వాడతారో వాళ్ల మాటే చెల్లాలని వాళ్లలో వాళ్లే తేల్చుకున్నారు. నీళ్లు పట్టినప్పుడు పాలిథీన్ సీసాలే వాడాం, ఫ్లోరైడ్‌కి గాజు సీసా పనికిరాదు. సీసాల మీద కోడ్ నంబర్లు తప్ప ఇంకేం రాయలేదు. ఊరివాళ్లు ఇచ్చిన వరస ల్యాబులో ఉన్న పిల్లలకు తెలియకూడదని అలా చేశాం. కాఠిన్యం మా ల్యాబులోనే ఈడీటీఏ టైట్రేషన్‌తో, ఫ్లోరైడ్ యూనివర్సిటీ ల్యాబులో ఎలక్ట్రోడ్‌తో కొలిచాం. ప్రాక్టికల్ పరీక్ష కోసం టైట్రేషన్ చేసే పిల్లలకూ, ఆ సీసాలోని నీళ్లు ఎవరి పొయ్యి మీదికి వెళ్తాయో తెలిసి చేసే పిల్లలకూ ఎంత తేడా ఉంటుందో అప్పుడు చూశాను. రంగు ఎర్రనిది పోయి నీలం అయ్యే ఆ చివరి చుక్క కోసం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు.

పప్పుకు మంచివని చెప్పిన బోర్లలో ఎక్కువ వాటిలో కాల్షియం తక్కువగా, ఫ్లోరైడ్ 1.5 దాటి ఉంది. అలా కానివీ కొన్ని ఉన్నాయి, వాటిని కూడా పేపర్లో రాశాం. జర్నల్ సంగతి తర్వాత, ముందు ఊరికి చెప్పాలి అనుకున్నాం. ఫలితాలు పెద్ద అక్షరాలతో చార్టు మీద రాసి సంఘం సమావేశంలో పెట్టాం. వంటంతా ప్లాంటు నీళ్లతో చేసుకోమంటే ఖర్చు ఎవరు భరిస్తారన్నారు. న్యాయమైన ప్రశ్న. దారి కూడా వాళ్లే చూపించారు. గిన్నెలకూ కూరగాయలు కడగడానికీ బోరు నీళ్లే, పప్పుకూ అన్నానికీ మాత్రం ప్లాంటు నీళ్లు. పప్పు ముందు నానబెట్టుకుంటే గ్యాసు కూడా కలిసొస్తుందని ఒకావిడ అంది. ఇది మేం ఇచ్చిన సలహా కాదు. పేపర్లో కూడా అలాగే రాశాం.

ఇక ప్రచురణ.

మొదట ఒక కెమిస్ట్రీ జర్నల్‌కి పంపాం. రివ్యూకి, అంటే ఆ రంగం తెలిసినవాళ్ల పరిశీలనకు కూడా వెళ్లకుండా తిరిగొచ్చింది. ఈ ప్రాంతంలో ఫ్లోరైడ్ ఉందన్నది కొత్త విషయం కాదు, నమూనాలు కూడా తక్కువ అన్నారు. వాళ్ల వైపు నుంచి చూస్తే సరైన మాటే. మా పేపర్లో కొత్తగా ఉన్నది ఫ్లోరైడ్ కాదు, దాన్ని పట్టుకున్న దారి. దానికి తగ్గ చోటు వేరే ఉందని స్నేహితురాలు చెప్పింది. విశ్వవిద్యాలయాలు ప్రజలతో కలిసి చేసే పరిశోధన కోసమే పత్రికలు ఉన్నాయని అప్పటిదాకా నాకు తెలియదు. జార్జియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చే 'జర్నల్ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్ అవుట్‌రీచ్ అండ్ ఎంగేజ్‌మెంట్', మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1994లో మొదలైన సర్వీస్ లెర్నింగ్ (సమాజానికి పని చేస్తూ నేర్చుకోవడం) పత్రిక, సిడ్నీ నుంచి వచ్చే 'గేట్‌వేస్' ఇలాంటివే. వీటి పాత సంచికలు చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఒక వేసవి అంతా అవే చదివాను. అమెరికాలో ఎర్నెస్ట్ బోయర్ అనే విద్యావేత్త 1990లోనే, కొత్త విషయం కనిపెట్టడం ఒక్కటే పాండిత్యం కాదు, జ్ఞానాన్ని కలిపి చూడటం, పనిలో పెట్టడం, బోధించడం కూడా పాండిత్యమేనని వాదించాడు. మన దేశంలో ఢిల్లీలోని 'ప్రియా' సంస్థకు చెందిన రాజేశ్ టాండన్ ఈ పని మీదే 2012లో కెనడా ఆచార్యుడు బడ్ హాల్‌తో కలిసి యునెస్కో పీఠం మొదలుపెట్టారని తెలిసింది. కాలేజీలను పల్లెలతో కలిపే ఉన్నత్ భారత్ అభియాన్ 2014 నుంచీ ఉంది, ఎన్‌ఎస్‌ఎస్ 1969 నుంచీ ఉంది. ఊళ్లకు వెళ్లడం మన కాలేజీలకు కొత్త కాదు. వెళ్లి నేర్చుకున్నది రాయడమే అలవాటు కాలేదు.

ఈ మధ్యలో మెయిల్ నిండా వచ్చే పిలుపుల గురించి ఒక మాట. రెండు రోజుల్లో ప్రచురిస్తాం, ఇంత కట్టండి, సర్టిఫికెట్ కూడా ఇస్తాం అంటారు. నమ్మదగ్గ పత్రికలు ఏవో చెప్పే యూజీసీ కేర్ జాబితా 2019లో వచ్చాక అందరం దాన్ని చూసి నిర్ణయించుకునేవాళ్లం. 2025 ఫిబ్రవరిలో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు మంచి చెడులు మనమే చూసుకోవాలి. ఎడిటోరియల్ బోర్డులో ఉన్నవాళ్లు వాళ్ల యూనివర్సిటీ పేజీల్లో నిజంగా ఉన్నారా, పత్రిక ఓపెన్ యాక్సెస్ (ఉచితంగా చదవగలిగే పత్రికల) డైరెక్టరీలో ఉందా, పాత పేపర్లు చదవదగ్గవిగా ఉన్నాయా అని చూస్తే చాలావరకు తేలిపోతుంది. ఊరివాళ్లు నమ్మి ఇచ్చిన మాటను డబ్బు కట్టి అచ్చేసుకునే చోట పెట్టడానికి నాకు మనసొప్పదు. రచయితల నుంచి డబ్బు తీసుకోని మంచి పత్రికలు ఈ రంగంలో ఉన్నాయి, అలాంటి దానికే పంపాం.

ఇద్దరు రివ్యూయర్లు. మేజర్ రివిజన్, అంటే పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమని వచ్చింది. ఆ మెయిల్ తెరిచినప్పుడు టెన్షన్‌తో ముందు పైపైన చదివి మూసేశాను. మర్నాడు పొద్దున ఇద్దరం ఫోన్లో ఒక్కో వ్యాఖ్యా చదువుకున్నాం. అంత శ్రద్ధగా మా పని ఇంకెవరూ చదవలేదని అప్పుడు అర్థమైంది.

ఒక రివ్యూయర్, షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే అమెరికన్ నిపుణురాలు 1969లో రాసిన 'పౌర భాగస్వామ్యపు నిచ్చెన' చూపించి, మీ పని ఏ మెట్టు మీద ఉందో చెప్పండి అన్నారు. ఆ నిచ్చెనకు ఎనిమిది మెట్లు. కింద జనాన్ని నమ్మించి మన పని చేయించుకోవడం, మధ్యలో వాళ్లకు చెప్పడం, వాళ్ల అభిప్రాయం అడగడం, పైన భాగస్వామ్యం, అన్నిటికంటే పైన అధికారం వాళ్లదే కావడం. మేం అందంగా 'భాగస్వామ్యం' అని రాసి ఊరుకోలేదు. పనిని ముక్కలు చేసి చూపించాం. ప్రశ్న వాళ్లది, బోర్ల గుర్తింపు కలిసి చేశాం, ల్యాబు పని మాది, లెక్కలు మావి, ఏం చెయ్యాలన్న నిర్ణయం వాళ్లది. ఒక్కో ముక్కా ఒక్కో మెట్టు మీద ఉందని పట్టిక వేశాం. తర్వాత ఆ రివ్యూయర్‌కి అన్నిటికంటే నచ్చింది ఆ పట్టికే.

రెండో రివ్యూయర్ రాసింది రెండే వాక్యాలు. ఈ పత్రంలోని ప్రధాన ఆలోచన ఒక గ్రామీణ మహిళది అని మీరే రాశారు. ఆవిడ రచయితల్లో ఎందుకు లేరు?

నిజానికి ఈ మాట మేం మొదటే అనుకున్నాం. అప్పుడు ఒక సీనియర్, పల్లెటూరి ఆడవాళ్ల పేర్లు వేస్తే పేపర్ విలువ తగ్గుతుంది, చివర కృతజ్ఞతల్లో చెప్పండి చాలు అన్నారు. ఇంకొకరు ప్రమోషన్ పాయింట్ల లెక్క తీశారు. యూజీసీ 2018 నిబంధనల్లో ఇద్దరు దాటితే మొదటి రచయితకు డెబ్భై శాతం, మిగతావాళ్లు ఒక్కొక్కరికీ ముప్ఫై శాతం. అప్పటికే మేం, పిల్లలు కలిపి ఇద్దరం దాటాం కాబట్టి ఇంకో రెండు పేర్లు చేర్చినా ఎవరికీ పోయేదేం లేదు. ఇప్పుడు పత్రిక నుంచే ఆ ప్రశ్న రావడంతో నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

కానీ రచయిత అనిపించుకోవడానికి అంతర్జాతీయంగా కొన్ని షరతులున్నాయి. పనిలో చెప్పుకోదగ్గ పాత్ర ఉండాలి, రాతలో గానీ దిద్దుబాటులో గానీ చెయ్యి ఉండాలి, చివరి ప్రతికి ఒప్పుకోవాలి, రాసినదానికి బాధ్యత పడాలి. ఇంగ్లీషు రాని మనిషి పేపర్ దిద్దేదెలా? మొత్తం తెలుగులో చెప్పుకుంటూ, పేరా పేరాకీ ఆగుతూ సంఘంలో చదివాం. ఆ పెద్దావిడ, ఇంకో సభ్యురాలు చివరి దాకా కూర్చున్నారు. "పేదోళ్లు కాబట్టి బోరు నీళ్లతో వండుతున్నారని రాశారు. పేదరికం కాదు, రుచి. డబ్బున్నోళ్ల ఇళ్లల్లోనూ ఆ నీళ్లే" అని ఆవిడ ఆపించింది. చర్చ భాగంలో ఒక పేజీ మార్చాల్సొచ్చింది. ఆ దిద్దుబాటును రివ్యూయర్లకు పంపిన జవాబులో ఆవిడ మాటల్లోనే రాశాం. ఇంతకంటే అసలైన పీర్ రివ్యూ ఏముంటుంది?

పేర్లు వేద్దామనుకుంటే ఇంకో చిక్కు. ఊరి పేరు బయటపడుతుంది. 'ఫ్లోరిన్ ఊరు' అన్న ముద్ర పడితే ఆ ఊరి పిల్లకు సంబంధం రావడం, ఆ ఊరికి పిల్లనివ్వడం కష్టమవుతుంది. ఇది మా జిల్లాలోనే కాదు, నల్గొండ వైపు వాళ్లు కూడా చాలాకాలంగా చెప్పుకునే బాధే. మగవాళ్లు కొందరు పొలాల ధర పడిపోతుందన్నారు. సంఘం ఆడవాళ్లు మాత్రం "మా బుర్రలోంచి వచ్చింది, మా పేరు ఉండాలి" అన్నారు. రెండూ న్యాయమే. గంటల తరబడి మాట్లాడుకుని, వాళ్లే ఒక ఒప్పందానికి వచ్చారు. ఇద్దరి పేర్లూ రచయితల్లో ఉంటాయి, చిరునామా చోట జిల్లా పేరు తప్ప మండలం, ఊరు ఉండవు. పటంలో అక్షాంశ రేఖాంశాలు తీసేశాం. పత్రిక డేటా కూడా జమ చెయ్యమంటే బోర్లకు కోడ్ నంబర్లే ఉంచి ఇచ్చాం, ఎందుకలా చేశామో ఎడిటర్‌కి రాశాం, ఆయన ఒప్పుకున్నారు. ముందు ఇచ్చిన ఒప్పంద పత్రంలో 'పేరు రాయం' అని ఉంది కదా, అందుకని ఈ ఇద్దరి దగ్గరా వేరే అనుమతి తీసుకుని ఎథిక్స్ కమిటీకి కూడా తెలియజేశాం. ఈ పని చేసే ఎవరికైనా నేను చెప్పేది, పేరు ఉండాలా దాచాలా అన్నది మొదటి రోజే అడగండి, ప్రతి దశలోనూ మళ్లీ అడగండి. జవాబు మారుతుంది.

జవాబు లేఖ పేపరంత పొడుగైంది. ఎడమవైపు రివ్యూయర్ మాట, కుడివైపు మా జవాబు, ఏ పేజీ ఏ వరసలో మార్చామో నంబర్లు. ఒప్పుకోని చోట మర్యాదగా కారణం చెప్పాం. నమూనాలు పెంచమన్నారు, ఊళ్లో వాడే నీటి వనరులన్నీ తీసుకున్నాం కాబట్టి అంతకంటే లేవని రాశాం, అంగీకరించారు. రచయితల వివరాల దగ్గర ఇద్దరు మహిళలకూ ఈమెయిల్ లేదు; పత్రిక వాళ్లు మా మెయిల్‌తో సరిపెట్టారు. అన్నీ కలిపి ఏడాది దాటింది.

పత్రం వచ్చాక రెండు పేజీల తెలుగు సారాంశాన్ని అనుబంధంగా పెట్టుకుంటామని అడిగితే పత్రిక వాళ్లు సంతోషంగా పెట్టారు. ఆ రెండు పేజీలే జెరాక్స్ తీసి ఇంటింటికీ ఇచ్చాం, గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్లకు కూడా ఇచ్చాం. సంఘం వాళ్లు అర్జీ పెట్టినప్పుడు దాన్నే జత చేశారు. లాగ్ బుక్కులో ఆ మాట రాసుకొచ్చిన అమ్మాయి ఇప్పుడు ఎమ్మెస్సీ చదువుతోంది, రచయితల్లో ఆమె పేరు రెండోది.

మా డిపార్ట్‌మెంటులో ఇప్పుడు లాగ్ బుక్కులు బీరువాలో పెట్టేముందు ముగ్గురం కూర్చుని చదువుతున్నాం. సర్వే ఫారంలో 'తాగునీరు' పక్కన 'వంట నీరు' అనే గడి చేర్చాం. చుట్టుపక్కల కాలేజీల వాళ్లు తెలుగు ఒప్పంద పత్రం నమూనా అడిగితే ఇచ్చాం, ఇంకెవరికి కావాలన్నా ఇస్తాం. వచ్చే వేసవికి పక్క మండలంలో ఇంకో రెండు ఊళ్లు తీసుకుంటున్నాం. ప్రశ్నావళి రాసేటప్పుడే మాతో కూర్చోవడానికి ఆ ఊళ్ల సంఘాల నుంచి నలుగురు ఒప్పుకున్నారు, వాళ్ల రానుపోను ఛార్జీలకూ పోయే కూలికీ డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నదే ఇప్పుడు మేం తేల్చుకోవాల్సింది.